రేకుల మీద మనిషి సొమ్మసిల్లితే

ప్రశ్న: మాది హిందూపురం. గోదాముల రేకుల కింద గ్లాస్ ఊల్ పరిచే పని. మే నెలలో మా జట్టులో ఒకతను పైనే పడిపోయాడు. మాకెవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి?

జవాబు: పీచు గుచ్చుకోకుండా నిండు చేతుల చొక్కా, తొడుగులు, మాస్కు తప్పవు. ఒంటి వేడిని బయటికి పోనివ్వనివీ అవే. మీ పనిలో చిక్కంతా ఇక్కడే ఉంది.

మనిషి తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బేననుకోండి. చెమట పడుతోంది కదా అని తాత్సారం చేయొద్దు. పనిలో పడిపోయినవారికి చెమట ఆగకపోవచ్చు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. మిగతావాళ్లు అతన్ని నీడకు దించి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. అనంతపురం పీఠభూమి గాలి పొడిది కాబట్టి తడి ఇట్టే ఆరుతూ వేడిని లాగేస్తుంది. కోస్తా ఉక్కపోతలో ఇది ఇంత బాగా పనిచేయదు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఎక్కువ ముప్పు కొత్తగా చేరినవారికే, అదీ మొదటి వారంలో. వారికి పని కొద్దికొద్దిగా పెంచండి. ఎండాకాలంలో రేకుల పని తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగిపోవాలి. పడిపోయినవారి మీద పోయడానికే ఒక డ్రమ్ము నీళ్లు విడిగా ఉంచండి. అంబులెన్స్‌కు దారి చూపడానికి రోడ్డు మీదికి ఎవరు వెళ్లాలో ముందే అనుకోండి.

పడిపోయిన మనిషిని కిందికి దించడం ముందే సాధన చేయాలి. అందుకు యాభై కిలోల సిమెంటు బస్తాను పైనుంచి తాడుతో జాగ్రత్తగా దించి చూడండి. ఈ వారంలోనే చేయండి.