ఆటోలో విశాఖ

విశాఖపట్నం ఒక్కరోజులో చూడాలంటే ఎలా? సిటీ బస్సు చవకే. కానీ ముగ్గురుంటే ఆటో మాట్లాడుకోవడం మేలు.

"ఏం తమ్ముడూ, ఊరంతా తిప్పితే ఎంత?" అని అడిగితే చాలదు. ఊరంతా అంటే ఎక్కడెక్కడ? ఆగినచోట ఎంతసేపు? పేచీ అక్కడే వస్తుంది. ఎక్కకముందే ఒక కాగితం తియ్యండి. చూసే చోట్లు వరసగా రాయండి. కుదిరిన కిరాయి, ఆటో నెంబరు కూడా రాయండి. అతనికి చదివి వినిపించండి. మనం నేర్చిన అక్షరం ఇక్కడ డబ్బు మిగులుస్తుంది!

ముందు పాతపట్నం వెళ్ళండి. అక్కడ మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. పైనుంచి చూస్తే ఓడలు కనిపిస్తాయి. ఈ ఓడరేవు 1933లో మొదలయింది. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ డాల్ఫిన్స్ నోస్. పెద్ద అలల్ని అదే అడ్డుకుంటుంది.

తరవాత బీచి. ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. 2002 నుంచి మ్యూజియం అయింది. లోపల దారి బాగా ఇరుకు. సోమవారం సెలవు.

"ఉక్కు ఫ్యాక్టరీ కూడా చూపిస్తాను" అంటాడు ఆటో అతను. ఆ ఫ్యాక్టరీ కోసం 1966లో జనం పోరాడారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చూడాలని ఎవరికుండదు? కానీ అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. గేటు చూడడానికి గాజువాక దాటి అంత దూరం కిరాయి ఎందుకు? ఆ డబ్బుతో భీమిలి రోడ్డున తొట్లకొండకు పోనిమ్మనండి. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది.