వృద్ధులకు నెలనెలా వైద్యము

పాడిగేదె ఒకపూట మేత ముట్టకున్నచో మనము సాయంకాలమునకే పశువైద్యుని పిలుచుకొని వత్తుము. అరుగుమీద కూర్చున్న తండ్రి తల తిరుగుచున్నదని చెప్పినచో, ‘వయస్సు మీదపడినది గదా’ యని ఊరకుందుము. ముసలితనము వేరు, వ్యాధి వేరు అని రైతు సోదరులు మొదట గ్రహింపవలెను.

వృద్ధులకు తఱచుగా వచ్చునవి రక్తపుపోటు, మధుమేహము, కీళ్ల నొప్పులు, కంటి శుక్లములు. వీనిలో మొదటి రెండును చాలకాలము ఏ బాధయు తోపకయే యుండును. పలుమారులు చూచినప్పుడు రక్తపుపోటు 140/90 గాని, అంతకు మించి గాని యున్నచో వైద్యునికి చూపవలెను. ఉపేక్షించినచో పక్షవాతము, గుండెజబ్బు, మూత్రపిండముల చెరుపు కలుగవచ్చును.

ఈ వ్యాధులకు సాధారణముగా ఆసుపత్రిలో చేరవలసిన పని లేదు. నెలనెలా పరీక్షయు, ప్రతిదినము మాత్రయు కావలెను. దీనినే ఓ.పి. వైద్యమందురు. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము, ఆసుపత్రిలో చేరినవారికి సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వఱకు చికిత్సావ్యయమును భరించును. 2024 అక్టోబరు 29వ తేదీన అది ఆదాయముతో నిమిత్తము లేకుండ 70 ఏండ్లు నిండిన వారికందఱకును విస్తరింపబడినది. సంతోషమే. అయినను నెలనెలా ఓ.పి. ఖర్చు దానిలో చేరదు. బస్సు చార్జీ, మాత్రల వెల, తోడు వచ్చిన కొడుకు పోగొట్టుకొను కూలి ఇంటిమీదనే పడును. మనకు ఖర్చగునని సంకోచించియే పెద్దలు ‘నాకు బాగుగనే యున్నది’ అని మాత్రలు మానుచుందురు.

కావున మేము సూచించునవి యివి:

1. మొదట ఊరి ఆరోగ్య ఉపకేంద్రమునకు గాని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు గాని పోవలెను. అచ్చట 30 ఏండ్లు దాటినవారికి రక్తపుపోటు, మధుమేహ పరీక్షలు ఉచితము. వైద్యుడు వ్రాసిన మాత్రలును ఉచితముగనే యిత్తురు.

2. పాత చీటీలు, మ్రింగుచున్న మాత్రల అట్టలు ఒక సంచిలో నుంచి, పోయినప్పుడెల్ల తీసికొనిపోవలెను.

3. వైద్యుడు చెప్పక మాత్ర మానరాదు. నొప్పిమాత్రలు అంగడిలో కొని దినదినము వాడరాదు. అవి మూత్రపిండములను చెఱచును, రక్తపుపోటును పెంచును.

4. మూతి వంకర పోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను నాటువైద్యముతో కాలము గడపక తక్షణమే 108కి ఫోను చేయవలెను. మొదటి కొలది గంటలలో చేయు చికిత్సయే ఎక్కువ ఫలమిచ్చును.

విత్తనములు, ఎరువులు కలసి తెచ్చుకొను మనకు, నెలకొక దినము ఒక బండి కట్టించి ఊరి వృద్ధులనెల్ల ఆరోగ్యకేంద్రమునకు చేర్చుట కష్టము గాదు. పదిమంది పోయినచోట ఇద్దఱు తోడుండిన చాలును. ఎనిమిది ఇండ్ల కూలి మిగులును. వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును ఆలోచించి, ఒక దినమును నిర్ణయింపవలెనని కోరుచున్నాము.