తెడ్డు పట్టు విధము

గంజాం జిల్లాలో పుట్టిన బిడ్డకు నీటితో చుట్టరికము తప్పదు. తూర్పున సముద్రము, ఈశాన్యమున చిలికా సరస్సు, నడుమ ఋషికుల్యా నది. సెలవు దినములలో రంభకు పోయిన మన బాలబాలికలు పడవ యెక్కి తెడ్డు చేతబట్టవలెనని ఉబలాటపడుదురు. వలదని వారించుటకంటె సరిగా నేర్పించుటయే మేలని మా యభిప్రాయము.

చిన్న నావల పందెము 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో పతకపు పోటీగా చేరినది. మన జిల్లా మద్రాసు రాజధానిని వీడి ఒడిశాలో చేరినదియు ఆ యేటనే. ఆ పందెములకు ఎంతో ముందునుండియే గోపాలపురపు తీరమున తెలుగు పలుకు పల్లెకారులు తెడ్డుతో తెప్పలు నడుపుచుండిరి.

మొదట పట్టు. తెడ్డుకు పైన పిడి, నడుమ కఱ్ఱ, క్రింద పలక ఉండును. క్రొత్తవారు రెండు చేతులతోను కఱ్ఱనే పట్టుకొందురు, అది తగదు. కుడి ప్రక్క తెడ్డు వేయునపుడు ఎడమ అరచేయి పిడిమీద ఆనవలెను. కుడిచేయి కఱ్ఱను పట్టవలెను. చేతుల నడుమ ఎడమెంతయో తెలియుటకు తెడ్డును తలపై అడ్డముగా ఎత్తవలెను. మోచేతులు మూలమట్టముగా వంగినచో అదియే సరియైన దూరము. పిడికిలి బిగించినచో చేయి త్వరలో అలయును గనుక పట్టు వదులుగా నుండవలెను.

పిదప వేటు. నడుము త్రిప్పి ముందునకు చాచి, పలక పూర్తిగా మునిగిన తరువాతనే వెనుకకు లాగవలెను. కఱ్ఱ నిలువుగా నుండవలెను. పలక తుంటివద్దకు రాగానే పైకి తీయవలెను. అంతకు మించి లాగినచో నీటిని పైకెత్తుటయే గాని నావ ముందునకు సాగదు. బలము భుజములది గాదు, నడుముది.

ఒక్కరే కుడివైపున తెడ్డు వేసినచో నావ ఎడమకు తిరుగును. దానిని సరిదిద్దుటకు వేటు చివర పైచేతి బొటనవ్రేలు క్రిందికి వచ్చునట్లు పిడిని త్రిప్పి, పలకతో నీటిని కొంచెము వెలుపలికి నెట్టవలెను. ఇద్దరున్నచో చెరియొక ప్రక్క వేయవలెను. ముందువాడు లయ నిలుపును, వెనుకవాడు దారి చూచును.

చిలికా లోతు తక్కువయని ఏమరుట ప్రమాదము. అత్తవారింటికి పోవుచు గాలివానలో పడవ మునిగి మరణించిన నవవధువు కథయే కాళీజాయి ఐతిహ్యము. కావున తేలుడు చొక్కా లేనిదే బిడ్డను నావ యెక్కనీయరాదు. మోకాళ్లపై కూర్చున్నచో నావ నిలకడగా నుండును. బోల్తాపడినచో నావను వదలక పట్టుకొని యుండవలెను. గాలి హెచ్చిన దినమున ఒడ్డుననే యుండుట మేలు.

తలిదండ్రులకు మరియొక విన్నపము. నావ ముందు భాగమునకు అణియము, వెనుక భాగమునకు అమరము, దారి మార్చుదానికి చుక్కాని అని మన భాషలో చక్కని పేర్లున్నవి. బడిలో ఒడియా, ఆంగ్లములు నేర్చు మన పిల్లలకు ఈ మాటలు ఇంటివారు చెప్పినగాని రావు. యంత్రపు పడవలు హెచ్చిన కొలది తెడ్డుతోపాటు దాని మాటలును మూలబడుచున్నవి. తెడ్డు చేతికిచ్చిననాడే ఆ మాటలనుగూడ వారి నోటికిత్తుము గాక!