క్రొత్తవానికి ఆటలో చోటు

పశ్చిమ బెంగాలు రాష్ట్రములోని ఖరగ్‌పూరు రైల్వే జంక్షను వలన పెరిగిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున అచ్చట కార్ఖానా వెలసినది మొదలు, ఉత్తర కోస్తా జిల్లాలనుండి అనేక తెలుగు కుటుంబములు జీవనోపాధికై వచ్చి స్థిరపడినవి. ఆ పట్టణమునందలి ఖరిదా పేటలో నేటికిని తెలుగు, హిందీ, బంగాళీ మాటలు ఒకే వీధిలో వినవచ్చును.

ఇట్టి పేటకు క్రొత్తగా వచ్చిన పదునాలుగేండ్ల బాలుని ఊహించుకొనుడు. తండ్రికి రైల్వేలో ఉద్యోగమైనది. బాలునికి ఊరు క్రొత్త, బడి క్రొత్త. హిందీ అంతంత మాత్రము, బంగాళీ అసలే రాదు. సాయంకాలము వీధి మలుపున నలుగురు బాలురు ఫోనులు పట్టుకొని బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను ఆట ఆడుచుందురు. ఆ ఆటలో స్క్వాడ్ అనబడు జట్టునకు నలుగురు. క్రొత్త బాలుడు దగ్గరకు పోయి, “అన్నా, నేనూ ఆడనా?” అని అడుగును. “నీకు ఆట రాదురా. మా ర్యాంకు పడిపోతుంది” అని ఒకడనును. తక్కిన ముగ్గురు తెరనుండి తలయైనను ఎత్తరు. బాలుడు ఇల్లు చేరి, మరునాడు ఆ మలుపు తప్పించుకొని నడచును.

పిల్లల ఆటలోని ఈ చిన్న సంగతికి ఆరోగ్యముతో నేమి సంబంధమని కొందరు అడుగవచ్చును. సంబంధము కలదు. ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, శారీరకముగా, మానసికముగా, సాంఘికముగా సుఖస్థితిలో నుండుట యనియు 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి చెప్పుచున్నది. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని 2025 జూన్ నెలలో ఆ సంస్థ నియమించిన సంఘము ప్రకటించినది. ఒంటరితనము గుండెజబ్బులకు, పక్షవాతమునకు, మనోవ్యాకులతకు అవకాశము పెంచునని ఆ నివేదిక తెలుపుచున్నది.

బంతి రాని ఆటగాడు

ఆటనుండి వెలివేయబడిన మనిషికి కలుగు బాధను గూర్చి శాస్త్రజ్ఞులు పరీక్షలు జరిపిరి. కిప్లింగ్ విలియమ్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఒకనాడు పార్కులో కూర్చుండగా ఇద్దరు అపరిచితులు విసురుకొనుచున్న ఫ్రిస్బీ పళ్లెము వచ్చి ఆయన ప్రక్కన పడినది. ఆయన దానిని తిరిగి విసరెను. వారు ఆయనకును విసరిరి. కొంతసేపు ముగ్గురును ఆడిన పిమ్మట, ఆ ఇద్దరు ఏమియు చెప్పకయే ఆయనకు విసరుట మానివేసిరి. ముక్కు మొగము తెలియనివారు చేసిన ఆ చిన్న పని తనను అంతగా నొప్పించుట చూచి ఆయనకే ఆశ్చర్యము కలిగెను.

ఆ అనుభవమునుండి పుట్టిన పరీక్ష తరువాత కంప్యూటరు ఆటగా మారినది. 2000 సంవత్సరమున ప్రచురింపబడిన పరిశోధనలో 62 దేశములనుండి 1,486 మంది ఇంటర్నెట్ ద్వారా పాల్గొనిరి. తెరమీద మరి ఇద్దరితో కలిసి ఆడుచున్నామని వారు నమ్మిరి. యథార్థమునకు ఆ ఇద్దరిని నడపినది కంప్యూటరు. ఎవరికి విసరుట ఎంత తగ్గినదో వారి మనస్సు అంత కుంగినది. తాము ఎవరికిని చెందనివారమను భావము హెచ్చినది. అవతల నున్నది కంప్యూటరే యని ముందుగా చెప్పినప్పటికిని, వెలివేయబడినవారికి బాధ తప్పలేదని 2004లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. యంత్రము వెలివేసిననే మనస్సు నొచ్చుచుండగా, ప్రక్కవీధి బాలుడు వెలివేసినచో ఎంత నొచ్చునో తెలిసికొనుట కష్టము కాదు.

నేర్పరుల వాదము

నేర్పు గల ఆటగాండ్ర మాటలోను కొంత న్యాయము లేకపోలేదు. వారు నెలల తరబడి శ్రమించి ర్యాంకు సంపాదించుకొనిరి. ఆట తెలియనివాడొకడు చేరినచో నలుగురును ఓడిపోవుదురు. సమానులతో ఆడవలెనను కోరిక తప్పు కాదు.

దీనికి సమాధానము ఖరగ్‌పూరులోనే దొరకును. రైల్వే క్రికెట్ జట్టు పోటీకి పోవునపుడు నేర్పరులైన పదునొకండుగురనే ఎంచుకొనును. దానిని అన్యాయమని ఎవ్వరును అనరు. కాని సాయంకాలము మైదానములో జరుగు ఆట వేరు. అచ్చట చిన్నవాడును బంతి వేయవచ్చును, బ్యాటు పట్టవచ్చును. పోటీ జట్టునకు కావలసిన ఆటగాండ్రు తయారగునది ఆ సాయంకాలపు ఆటలోనే. ఫోనులోని ఆటలోను ఇట్టి భేదము కలదు. ర్యాంకు లెక్కింపబడు మ్యాచ్‌లు కొన్ని, లెక్కింపబడని మ్యాచ్‌లు కొన్ని. మొదటివానికి సమానులను ఎంచుకొనవచ్చును. రెండవవానిలో క్రొత్తవానికి చోటిచ్చుట వలన ఎవరికిని నష్టము లేదు.

రైల్వే కార్ఖానాను చూచినను ఇదియే కానవచ్చును. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద యువకులు కార్ఖానాలో చేరి పనివారి చెంత పని నేర్చుకొందురు. మొదటి దినముననే ఎవ్వడును ఫిట్టరు కాడు. అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి, చూచి, చేసి, తప్పి, సరిదిద్దుకొని ఫిట్టరగును. తప్పులు చేయుదురను భయముచే క్రొత్తవారిని చేర్చుకొనని కార్ఖానా పాతవారు విరమించిననాడు మూతపడవలసినదే. ఆట జట్టును అట్టిదే. నలుగురిలో ఒకడు పై చదువులకు, మరొకడు ఉద్యోగమునకు పోయినచో, మిగిలిన ఇద్దరికి ఆడుటకు తోడెవరు?

చేర్చుకొను విధానము

క్రొత్తవానిని చేర్చుకొనుటకు గొప్ప త్యాగమేమియు అక్కరలేదు. దినమునకు ఒక మ్యాచ్‌లో ఒక చోటు విడిచిన చాలును. ఆట మొదలు పెట్టకముందే జట్టులో ఒకడు అతనికి తోడుగా నుండుటకు ఒప్పుకొనవలెను. నలుగురును ఒక్కసారి ఆజ్ఞలిచ్చినచో క్రొత్తవాడు తికమకపడును. ఒక దినమునకు ఒక విషయము నేర్పిన చాలును: మొదట దారి, పిదప దాగుట, ఆ పిదప గురి.

మైకులో మాట జారనీయరాదు. ‘నూబ్’ అని ఎగతాళి చేయుటయు, తల్లిదండ్రుల పేరెత్తి తిట్టుటయు ఆటలో భాగము కావు. క్రొత్తవానికి భాష రానిచో తెలుగు తెలిసినవాడు తెలుగున చెప్పవలెను. ఈ విధముగా ఆటతోపాటు హిందీయు, బంగాళీయు అతనికి క్రమముగా అలవడును.

ఆ దినము చోటు లేనిచో, “ఈరోజు నిండిపోయింది, రేపు ఆరు గంటలకు రా” అని చెప్పవలెను. కారణము చెప్పి, సమయము చెప్పి పంపిన మాట వెలివేత కాదు. బదులు చెప్పక తల వంచుకొనుటయే వెలివేత.

క్రొత్తవానికిని బాధ్యత కలదు. చెప్పిన వేళకు రావలెను. ఒంటరిగా అభ్యాసము చేసికొనవలెను. ఓడిపోవుచున్నామని మ్యాచ్ నడుమ విడిచిపోరాదు.

హద్దులు

క్రొత్తవానిని ఆటలో చేర్చుకొనుట మంచిది. అతనిని ఆటకు బానిసను చేయుట మంచిది కాదు. ఆటను అదుపులో పెట్టుకొనలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు జరుగుచున్నను మానలేకపోవుట అను లక్షణములు సాధారణముగా పండ్రెండు నెలలు కనబడినచో దానిని ‘గేమింగ్ డిజార్డర్’ అను రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. 2022 జనవరి 1 నుండి అమలులోనున్న వ్యాధుల పట్టికలో ఇది చేర్చబడినది.

పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర అవసరము. ఐదు మొదలు పదునేడేండ్ల వారికి సగటున దినమునకు గంటసేపైనను శరీరము కదలు ఆట అవసరము. కావున ఫోనులో కలిసిన ఐదుగురు మైదానములోను కలిసికొనుట ఉత్తమము. పందెము కట్టి ఆడు ఆటలలోనికి క్రొత్తవానిని లాగరాదు. డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది. మొగము తెలియని ఆటగానికి పాస్‌వర్డు, చిరునామా, ఫొటో ఇయ్యరాదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. పోటీకి సమానులను ఎంచుకొనవచ్చును. వినోదపు ఆటలో క్రొత్తవానికి చోటియ్యవలెను.

2. తప్పు చేసినవానికి దారి చూపవలెను, ఎగతాళి చేయరాదు.

3. చోటు లేనిచో ఆ మాట చెప్పి, మరల ఎప్పుడు రావలెనో తెలుపవలెను.

4. నిద్ర, చదువు, భోజనము, మైదానపు ఆట – వీని వేళలను ఫోను ఆట ఆక్రమింపరాదు.

5. బిడ్డ నలుగురిలో కలియక, దిగులుగా నుండినను, ఆట మానలేకున్నను, తల్లిదండ్రులు టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఈ సేవ ఉచితము, రాత్రింబగళ్లు లభించును, తెలుగునను, బంగాళీలోను మాటలాడువారు కలరు.

నేడు వీధి మలుపున నేర్పరులై కూర్చున్న నలుగురును ఒకనాడు ఆట తెలియనివారే. నాడు ఎవరో ఒకరు వారికి చోటిచ్చిరి. ఖరిదాలో స్థిరపడిన కుటుంబములును ఒకనాడు రైలు దిగిన క్రొత్తవారే. జట్టునకు నలుగురే యని లెక్క యున్నను, రెండవ మ్యాచ్‌లో ఒకడు లేచి ఐదవవానికి చోటియ్యవచ్చును.