ఆ గోడ ఎవరిది? రాతలు తుడిపించే ముందు ఒక పాఠం

ఈ సంచిక అధ్యయన పాఠానికి మేము గోడలను ఎంచుకున్నాం. ఫ్రీవే పక్కన, వీధి చివరి కరెంటు పెట్టెల మీద, బస్సు ఆగే చోట స్ప్రే పెయింటు రాతలు మన సభ్య కుటుంబాలన్నీ రోజూ చూసేవే. "ఫిర్యాదు చేశామండీ, మా పరిధి కాదన్నారు" అనే మాట మన సేవా కమిటీకి తరచూ వినిపిస్తుంది. పరిధి అంటే ఏమిటో అర్థమైతే సగం పని అయిపోయినట్టే. మిగిలిన సగం రంగు, బ్రష్షు.

మన ఊళ్ళలో గోడరాత అంటే ఎన్నికల నినాదమో, సిమెంటు ప్రకటనో. దాని మీద సున్నం వేసుకోవడం ఇంటివాళ్ళ పని. ఇక్కడ ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు గోడలకు ఇద్దరు యజమానులు, రెండు ప్రభుత్వాలు ఉండవచ్చు. రాసినవాడికి ఆ హద్దులతో పని లేదు. చెరపాలనుకున్నవారికి మాత్రం తప్పదు.

పదిమందిలో పాము ఎందుకు చావదు?

లాస్ ఏంజెలెస్ కౌంటీలో 88 నగరాలున్నాయి. ప్రతి నగరానికీ సొంత కౌన్సిల్, సొంత బడ్జెట్, సొంత శుభ్రత ఏర్పాట్లు ఉంటాయి. ఏ నగరంలోనూ చేరని ప్రాంతాల్లో పది లక్షలకు పైగా జనం ఉన్నారు. వారికి సిటీ హాల్ ఉండదు. కౌంటీయే వారి నగరపాలక సంస్థ. వీటి మీదుగా రాష్ట్ర రహదారులు, వరద కాలువలు, రైలు పట్టాలు వెళ్తాయి. వాటి యజమానులు వేరు.

ఇక్కడ మనల్ని తికమక పెట్టేవి రెండు. మొదటిది తపాలా చిరునామా. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఇంటి చిరునామా "లాస్ ఏంజెలెస్" అని ఉన్నా, అది ఆ నగరంలో భాగం కాదు, కౌంటీ ప్రాంతం. హసియెండా హైట్స్, రోలండ్ హైట్స్ కూడా నగరాలు కావు. రెండవది పోలీసు కారు. వీధిలో షెరీఫ్ కారు తిరుగుతోంది కాబట్టి ఇది కౌంటీ ప్రాంతమే అనుకుంటాం. కానీ ఆర్టీషియా, సెరిటోస్ వంటి నగరాలు సొంత పోలీసు శాఖ పెట్టుకోకుండా షెరీఫ్ శాఖతో ఒప్పందం చేసుకున్నాయి. కాపలా షెరీఫ్‌ది, గోడ నగరానిది.

పయనీర్ బులవార్డ్ మీద నడిచి చూద్దాం

మనందరం కూరగాయలకూ చీరలకూ వెళ్ళే పయనీర్ బులవార్డ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఆర్టీషియా చాలా చిన్న నగరం. ఉత్తరాన నార్వాక్, మిగిలిన మూడు వైపులా సెరిటోస్. అంటే కాసేపు నడిస్తే ఊరు మారిపోతుంది.

ఈ దారి మీదుగా 91వ నంబరు ఫ్రీవే వెళ్తుంది. ఆ వంతెన, దాని గోడలు, పచ్చని దారి బోర్డులు రాష్ట్ర రవాణా శాఖ అయిన కాల్‌ట్రాన్స్‌వి. అక్కడి రాతల గురించి సిటీ హాల్‌లో చెబితే వారు చేయగలిగింది తక్కువ. దక్షిణంగా వస్తే పాత పసిఫిక్ ఎలక్ట్రిక్ రైలు మార్గపు స్థలం రోడ్డును దాటుతుంది. దాని యజమాని మెట్రో. దుకాణాల గోడలు వాటి యజమానులవి. నీలిరంగు తపాలా పెట్టె ఫెడరల్ తపాలా శాఖది. దీపస్తంభం నగరానిది కావచ్చు, విద్యుత్ కంపెనీది కావచ్చు. ఇలా ఒక్క రాత్రి ఒక్కడు రాసిన రాతలకు అరడజను మంది జవాబుదారులు. ఒకరు చెరిపి, ఇంకొకరు చెరపకపోతే వీధి శుభ్రమైనట్టు కనిపించదు. పదిమందిలో పాము చావదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

ఫిర్యాదుకు ముందు ఐదు పనులు

1. రాత ఏ వస్తువు మీద ఉందో చూడండి: గోడా, స్తంభమా, కరెంటు పెట్టెనా, వంతెనా? ఊరి పేరు కంటే ముందు ఇది తెలియాలి.

2. గుర్తులు వెతకండి. స్తంభాల మీద నంబరు పలక, పెట్టెల మీద కంపెనీ పేరు సాధారణంగా ఉంటాయి. రైలు క్రాసింగుల దగ్గర నీలి బోర్డు మీద రైల్వే పేరు ఉంటుంది. అందులోని ఫోన్ నంబరు మాత్రం అత్యవసరాలకే.

3. ఫోటో తీసి, తేదీ, దగ్గరి కూడలి, రోడ్డుకు ఏ వైపో రాసుకోండి. ఫ్రీవే మీద కారు ఆపి ఫోటో తీయవద్దు.

4. సరైన చోట చెప్పండి. 311 లాస్ ఏంజెలెస్ నగర సేవ. పక్క నగరాల గోడలకు ఆయా సిటీ హాళ్ళనే అడగాలి. కౌంటీ ప్రాంతమైతే కౌంటీ పబ్లిక్ వర్క్స్ నంబరు 800-675-4357. ఫ్రీవేలకు కాల్‌ట్రాన్స్ వెబ్‌సైటులో సేవా అభ్యర్థన ఫారం ఉంది.

5. అభ్యర్థన నంబరు దాచుకోండి. "మాది కాదు" అంటే, "మరి ఎవరిదో చెప్పగలరా?" అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలాసార్లు దారి దొరుకుతుంది.

ప్రైవేటు గోడల సంగతి

ప్రైవేటు గోడ మీద రాతను ప్రజల డబ్బుతో చెరపడానికి కాలిఫోర్నియా చట్టం నగరాలకూ కౌంటీలకూ వీలు కల్పించింది. అయితే ముందుగా యజమాని సమ్మతి తీసుకోవాలి. అందుకే దుకాణం ఉన్న సభ్యులు సమ్మతి పత్రం గురించి తమ సిటీ హాల్‌లో ముందే కనుక్కోవడం మంచిది.

యజమాని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2024లో లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో అందరం చూశాం. 2019లో పని ఆగిపోయిన ఓషన్‌వైడ్ ప్లాజా భవనాల మీద అంతస్తు తర్వాత అంతస్తు రాతలతో నిండిపోయింది. నగర కౌన్సిల్ యజమానికి గడువు పెట్టింది. చివరకు ఆ ఆవరణను కాపాడడానికి దాదాపు 38 లక్షల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. ఒక యజమాని వదిలేసిన బాధ్యత ఊరందరి ఖర్చు అయింది.

మన ఆలయ గోడ మీద అయితే?

ఇప్పటిదాకా చెప్పింది వీధి రాతల గురించి. వాటిని ఎంత త్వరగా చెరిపితే అంత మంచిది. ఆలయం మీద ద్వేషపు రాతలు కనిపిస్తే వరుస మారుతుంది: ముందు పోలీసులు, తర్వాతే రంగు. 2023 డిసెంబరులో నెవార్క్‌లోని స్వామినారాయణ మందిరం, 2025 మార్చిలో చైనో హిల్స్‌లోని మందిరం ఇలాంటి రాతలకు గురయ్యాయి. రెండూ మన రాష్ట్రంలోనివే. ఇది దూరపు మాట కాదు.

ఆ రాత చూడగానే చెరిపేయాలనే అందరికీ అనిపిస్తుంది. భక్తులు, పిల్లలు చూడకూడదనుకోవడం సహజం. కానీ అది సాక్ష్యం. పోలీసులు వచ్చి ఫోటోలు తీసి నమోదు చేసేవరకు ముట్టుకోకూడదు. అవసరమైతే దూరంగా తెర కట్టవచ్చు. కెమెరా రికార్డింగు వెంటనే దాచాలి. ప్రార్థనా స్థలాలను పాడుచేయడాన్ని కాలిఫోర్నియా శిక్షాస్మృతి 594.3 సెక్షన్ ప్రత్యేక నేరంగా చూస్తుంది. మతం, జాతి కారణంగా, భక్తులను భయపెట్టి పూజకు దూరం చేయాలని చేస్తే అది ఫెలనీ. ఫెడరల్ చట్టం కూడా వర్తించవచ్చు. కాబట్టి ఇక్కడా స్థానిక పోలీసులు, కౌంటీ ప్రాసిక్యూటర్లు, ఎఫ్‌బీఐ అని పరిధులు కలుస్తాయి. రాష్ట్ర ద్వేష వ్యతిరేక సహాయ నంబరు 833-866-4283.

చెరిపేటప్పుడు మరో జాగ్రత్త. సాదా గోడకు రంగు చాలు. శిల్పాలున్న గోపురం మీద ప్రెషర్ వాషరు, ఘాటు రసాయనాలు వాడితే రాతతోపాటు ముక్కూ కన్నూ కూడా పోతాయి. శిల్ప పని తెలిసినవారిని అడగనిదే చేయి వేయవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట

రాసేవాళ్ళు ఎక్కడో ఉంటారనుకోవద్దు. సరదాకు రాసిన ఒక్క పేరు పిల్లల భవిష్యత్తు మీద మచ్చ కావచ్చు. నష్టం 400 డాలర్లు దాటితే ఫెలనీగా కేసు పెట్టే వీలుంది. 18 ఏళ్ళ లోపువారికి స్ప్రే పెయింటు డబ్బా అమ్మడం నేరం. పిల్లలు కావాలని చేసిన నష్టానికి తల్లిదండ్రులు కూడా బాధ్యులే. చట్టంలో రాసిన మొత్తం 25,000 డాలర్లు, అది ధరలతోపాటు పెరుగుతుంది.

ఇంట్లో చర్చించుకోవడానికి

అ) మన ఇల్లు ఏ నగరంలో ఉంది, లేక కౌంటీ ప్రాంతంలోనా? ఆస్తి పన్ను బిల్లు, ఓటరు పత్రాలు చూసి పిల్లలతో చెప్పించండి.

ఆ) బడికి వెళ్ళే దారిలో రాతలున్న మూడు వస్తువుల యజమానులెవరో కనుక్కోండి.

ఇ) వీధి రాతకూ ఆలయం మీద ద్వేషపు రాతకూ మనం చేసే పనుల వరుస ఎందుకు వేరు?

ఈ) పని ఆగిపోయిన ఆ భవనాల విషయంలో ఎవరు, ఎప్పుడు మేలుకొని ఉంటే ఖర్చు తప్పేది?

జవాబులు మూడవ ప్రశ్నతో మొదలుపెట్టి చర్చిస్తే బాగుంటుంది. మన గోడ మీద ఏదైనా జరిగిన రోజున, ఆ వరుస ప్రతి ఇంట్లోనూ ముందే తెలిసి ఉండాలి.