షట్టర్ ఆగాల్సిన చోట ఆగకపోతే?



మనలో చాలామంది పదో తరగతి కాగానే ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో చేరి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనికి వెళ్తుంటారు. అక్కడి గోదాములకు మోటారుతో నడిచే రోలింగ్ షట్టర్లు ఉంటాయి. ఒక్కోసారి అవి ఆగాల్సిన చోట ఆగవు. పైకి వెళ్ళి డ్రమ్ముకు గుద్దుకుంటాయి, లేదా నేలను తాకాక కూడా మోటారు తిరిగి పలకలు వంగిపోతాయి. అప్పుడు చాలామంది వెంటనే లిమిట్ స్క్రూ తిప్పేస్తారు. తిప్పేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నిన్నటి దాకా సరిగ్గా ఆగింది ఇవాళ ఎందుకు ఆగలేదు?

షట్టర్ ఎలా ఆగుతుంది?

షట్టర్ తిరిగే కొద్దీ లిమిట్ పెట్టెలోని మర స్క్రూ కూడా తిరుగుతుంది. దాని మీద నట్టు జరుగుతూ పోయి చివరన చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. దాంతో కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు ఆగుతుంది, కాంటాక్టర్ విడిపోతుంది, మోటారుకు సరఫరా పోతుంది. వెంటనే బ్రేకు పట్టుకుంటుంది. ఈ నాలుగింటిలో ఏది తప్పినా షట్టర్ హద్దు దాటుతుంది.

లక్షణాన్ని బట్టి కారణం

1. రోజురోజుకూ కొంచెం కొంచెం ఎక్కువ దూరం పోతుంటే బ్రేకు లైనింగ్ అరిగి ఉండవచ్చు. లిమిట్ గొలుసు వదులైందేమో కూడా చూడాలి.

2. స్విచ్ నొక్కుకున్నా మోటారు ఆగకపోతే కాంటాక్టర్ చూడాలి. కాయిల్‌కు కరెంటు లేకున్నా అది విడిపోలేదంటే లోపలి పాయింట్లు కాలి అతుక్కున్నట్టే. కొత్తది వేయాలి.

3. 'పైకి' బటన్ నొక్కితే కిందికి దిగుతుంటే ఫేజులు తారుమారయ్యాయి. కేబుల్ మరమ్మతు తర్వాత, జనరేటర్‌కు మార్చినప్పుడు ఇలా జరుగుతుంది. మూడు ఫేజుల్లో ఏ రెండు మారినా మోటారు ఎదురు తిరుగుతుంది. ఇది చాలా ప్రమాదం. ఎందుకంటే షట్టర్ నేలను తాకి 'కింది' స్విచ్ నొక్కుకున్నా, నడుస్తున్నది 'పై' కాంటాక్టర్ కాబట్టి మోటారు ఆగదు. ఇక్కడ లిమిట్ తిప్పితే ఏ లాభమూ లేదు. మెయిన్ ఆపి రెండు ఫేజులు మార్చాలి. ఫేజ్ క్రమం చూసే రిలే ఉంటే అసలు మోటారు స్టార్టే కాదు.

ఇవన్నీ బాగుండి, ప్రతిసారీ ఒకే కొలత తేడా వస్తేనే లిమిట్ సరిచేయాలి.

జాగ్రత్తలు

సగం లేచిన షట్టర్ కింద ఎవరినీ నిలబడనీయకూడదు. బ్రేకు విప్పేముందు షట్టర్‌ను పూర్తిగా నేలకు దించాలి. మెయిన్ ఆపి, తాళం వేసి, 'పని జరుగుతోంది' అని బోర్డు తగిలించాలి. పని అయ్యాక షట్టర్‌ను మధ్యలో ఉంచి బటన్ ఒక్క క్షణం నొక్కి వదిలి, దిశ సరిగ్గా ఉందో లేదో చూడాలి.

అమెరికాలో ఇళ్ళ గ్యారేజీ తలుపుల మోటార్లకు, మధ్యలో మనిషి చిక్కుకోకుండా కాపాడే ఏర్పాటును 1993 నుంచి తప్పనిసరి చేశారు. తలుపు కింద నలిగి పిల్లలు చనిపోవడమే దానికి కారణం. మన గోదాముల్లో షట్టర్ కింద నుంచి రోజంతా హమాలీలు బస్తాలు మోస్తూ నడుస్తుంటారు. వాళ్ళు మన అన్నలు, మన తండ్రులు. స్క్రూ తిప్పడం ఎవరైనా చేస్తారు. కారణం తెలుసుకుని తిప్పేవాడే మెకానిక్. మీరంతా అలాంటి పనిమంతులు కావాలని కోరుకుంటున్నాను.