కాల్‌క్రీజ మట్టిలో 19వ లీజియన్

క్రీ.శ. 9లో రోమన్ సేనాని వారుస్ జర్మనీ అడవుల్లో మూడు లీజియన్లను పోగొట్టుకున్నాడు. మాటు వేసింది చెరుస్కి తెగ నాయకుడు అర్మీనియస్. అతనూ రోమ్ సైన్యంలో పనిచేసినవాడే! కథ చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆ చోటుని ఎలా తేల్చారన్నదే ఎక్కువ ఆసక్తి.

1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి కాల్‌క్రీజ దగ్గర మెటల్ డిటెక్టర్‌తో వెతికి వెండి నాణేలు బయటికి తీశాడు. మరుసటి ఏడాది సీసపు వడిసెల గుళ్ళు దొరికాయి. తర్వాతి తవ్వకాల్లో వారుస్ ముద్ర గుద్దిన రాగి నాణేలు, మనుషులవీ కంచర గాడిదలవీ కలిసిపోయిన ఎముకల గుంటలు బయటపడ్డాయి. ఆ ఎముకలు పూడ్చడానికి ముందు ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉన్నాయట. క్రీ.శ. 15లో జర్మానికస్ వచ్చి ఎముకలు పూడ్పించాడని టాసిటస్ రాశాడు కదా, లెక్క కుదిరింది.

కానీ ఒక చిక్కు. జర్మానికస్ సేన కూడా ఆ ప్రాంతంలోనే పోరాడింది. 9లో వాడిన నాణేలే 15లోనూ జేబుల్లో ఉంటాయి. మరి ఇది ఎవరి యుద్ధభూమి?

ఇక్కడే మన మెటలర్జీ వాళ్ళకి పని. లీజియన్‌లోని కంచరివాళ్ళు పాత ఇత్తడి, కంచు సామాన్లను కరిగించి మరమ్మతు చేసేవారు. దాంతో ఆ లోహంలోని సూక్ష్మ మూలకాల పాళ్ళు దళానికో రకంగా తేలతాయి. 2022లో బోహుమ్ గనుల మ్యూజియం పరిశోధకులు కాల్‌క్రీజ వస్తువులను, 19వ లీజియన్ అంతకుముందు మకాం వేసిన డాంగ్‌ష్టెటెన్ శిబిరం వస్తువులతో పోల్చారు. పోలిక గట్టిగానే కనిపించింది. వేలిముద్రంత ఖచ్చితమని నేననను. అయితే జర్మానికస్ సేనలో 19వ లీజియన్ లేదు, అది వారుస్‌తోనే పోయింది.